నలగాముడికి సింహాసనం, నాగమ్మకు నింద

పల్నాడులో ఆడమనిషి కాస్త గట్టిగా మాట్లాడితే పడే పేరు ఒకటుంది. నాయకురాలు నాగమ్మ. నోరున్న కోడలు నాగమ్మ. పంచాయతీలో లేచి లెక్క అడిగిన వార్డు మెంబరు నాగమ్మ. పొదుపు సంఘం డబ్బులు ఎటు పోయాయని నిలదీసిన లీడరమ్మ నాగమ్మ. ఈ మాట అనేవాళ్లలో చాలామందికి ఆమె కథ పూర్తిగా తెలియదు. తెలిసిందల్లా ఒకటే ముక్క: ఆ ఆడది మధ్యలో దూరి అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టింది, నాగులేరు నెత్తురై పారింది.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తా. ఆ చిచ్చు నాగమ్మ పెట్టింది కాదు. ఒకే తండ్రికి వేరే వేరే తల్లులకు పుట్టిన కొడుకులు నేల కోసం పడ్డ తగాదా అది. రాజ్యం పంచుకున్నది వాళ్లు, పందెం కాసింది వాళ్లు, మాట తప్పింది వాళ్లు. ఆఖరుకి సింహాసనం ఎక్కింది కూడా వాళ్లలో ఒకడే. నింద మాత్రం, ఆ ఇంటి రక్తం ఒక్క చుక్క కూడా లేని ఒక ఆడమనిషి నెత్తిన పడింది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా దిగలేదు.

కథ తెలియని తమ్ముళ్లు చెల్లెళ్ల కోసం మొదటి నుంచీ చెబుతా. తెలిసినవాళ్లు కూడా ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే మనకు చెప్పిన పద్ధతిలోనే మెలిక ఉంది.

అనుగురాజు హైహయ వంశం వాడు, ఉత్తరం నుంచి వచ్చాడు. చందవోలు రాజధానిగా ఏలిన వెలనాటి వారి ఆడపడుచు మైలమదేవిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లికి అరణంగా వచ్చిందే పల్నాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పల్నాటి పౌరుషం, పల్నాటి పౌరుషం అని మీసాలు తిప్పే ఈ నేల, ఆ రాజవంశానికి కత్తితో గెలిస్తే రాలేదు. ఒక ఆడపిల్ల వెంట పుట్టింటి అరణంగా వచ్చింది. కథ చెప్పేటప్పుడు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ నేలను నమ్ముకుని అప్పటికే బతుకుతున్నవాళ్లను ఎవరన్నా అడిగారా అంటే, అది ఇంకో పెద్ద ప్రశ్న.

మైలమదేవి కొడుకు నలగామరాజు. ఇంకో భార్య వీరవిద్యాదేవి కొడుకులు మలిదేవుడు, అతని తమ్ముళ్లు. మూడో భార్య భూరమాదేవికి కూడా కొడుకులున్నారు, వాళ్లలో నరసింగరాజు నలగాముడి పక్షం. అనుగురాజు పోయాక నలగాముడు గురజాలలో గద్దె ఎక్కాడు. తండ్రి కాలం నుంచి మంత్రాంగం నడిపిన దొడ్డనాయుడి కొడుకు బ్రహ్మనాయుడు మంత్రి. తరవాత వాటాలు పడ్డాయి. గురజాల నలగాముడికి, మాచర్ల మలిదేవుడికి. బ్రహ్మనాయుడు మాచర్ల వైపు నిలబడ్డాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. నేల తల్లి తరఫున వచ్చింది. ఆ తల్లి కన్న కొడుకు 'ఇది మా అమ్మ అరణం' అనుకుంటాడు. సవతి కొడుకులు 'తండ్రి ఏలిన రాజ్యం, మాకూ వాటా ఉంది' అంటారు. ఈ రెండు మాటలు ఒకే ఇంట్లో ఉన్నాక తగాదా పుట్టడానికి బయటి మనిషి కావాలా? మన ఊళ్లలో అరెకరం గట్టు దగ్గరే అన్నదమ్ములు కొడవళ్లు పట్టుకుంటారు. ఇది రాజ్యం.

ఇక నాగమ్మ. కరీంనగర్ వైపు నుంచి తండ్రితో కలిసి పల్నాడు వచ్చి జిట్టగామాలపాడులో ఉండిపోయిందంటారు. రెడ్ల ఆడపడుచు. చిన్నప్పుడే భర్త పోయాడు. రాజుకు చుట్టం కాదు, భార్య కాదు, ఉంపుడుకత్తె కాదు. ఎండలో ఆ దారిన పోతున్న రాజుకూ పరివారానికీ నీడ, నీళ్లు, భోజనం ఏర్పాటు చేసిందనీ, ఏం కావాలో కోరుకోమంటే ఏడు ఘడియల మంత్రిత్వం కోరిందనీ చెబుతారు. నగలు అడగలేదు, మాన్యం అడగలేదు. పని అడిగింది! ఏడు ఘడియలు అంటే మన లెక్కలో మూడు గంటలు కూడా నిండదు. అంత కొద్దిసేపట్లో తన తెలివి చూపించి కొలువులో నిలబడ్డ మనిషి ఆమె. తరవాత గురజాలకు మంత్రి అయింది.

దేశంలోనే తొలి మహిళా మంత్రి అని ఈ మధ్య కొందరు రాస్తున్నారు. తొలి, మలి లెక్కల జోలికి నేను పోను. పోల్చి చూడాల్సింది రుద్రమదేవితో. పల్నాటి యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని ఎక్కువ పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు ఓరుగల్లులో రుద్రమ పాలన మొదలైంది. ఆమెను మనం నెత్తిన పెట్టుకుంటాం, పెట్టుకోవాలి కూడా. కానీ ఆమె గణపతిదేవుడి కూతురు. తండ్రి ఆమెను మగపేరుతో ముందుకు తెచ్చాడు. నాగమ్మకు రాజైన తండ్రి లేడు, మగపేరు లేదు, మొగుడు కూడా లేడు. ఆడపేరుతో, ఆడమనిషిగా, సొంత బుర్రతో కొలువులో కూర్చుంది. లోకం క్షమించనిది దాన్నే.

ఇప్పుడు అందరూ వేలెత్తి చూపే కోడిపందెం దగ్గరికి వద్దాం. మాచర్ల తరఫున బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు. గురజాల తరఫున నాగమ్మ కోడి శివంగి డేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. చిట్టిమల్లు ఓడింది. మలిదేవుడి వాళ్లు అడవికి పోయారు. నాగమ్మ మోసం చేసి గెలిచిందని కథ చెబుతుంది.

మోసం చేసిందే అనుకుందాం. నేను కాదనడానికి ఆ బరి దగ్గర లేను, మీరూ లేరు. సంక్రాంతికి మన జిల్లాలో ఏ బరి దగ్గరికైనా పోయి చూడండి, ఓడినవాడు 'కోడి సత్తువ లేక ఓడింది' అని చెప్పడం ఎప్పుడైనా విన్నారా? కత్తికి ఏదో పూశారంటాడు, కోడికి ఏదో పెట్టారంటాడు. అది సరే. నా ప్రశ్న వేరు. ఒక రాజ్యాన్ని, అందులో దున్నుకునే, మేపుకునే, నేసుకునే ఇన్ని వేల ప్రాణాల్ని కోడి కాలికి కట్టిన కత్తి మీద పెట్టడానికి ఒప్పుకున్నది ఎవరు? పందెం అంటే రెండు వైపులా కాయాలి. ఒక్క నాగమ్మ ఆడితే పందెం అవదు. అవతల పల్నాటి మహామేధావి అని పేరున్న బ్రహ్మనాయుడు ఉన్నాడు, వద్దని లేచి రాగలిగిన మలిదేవుడు ఉన్నాడు. వాళ్లు గెలిచి ఉంటే అది పౌరుషం అయ్యేది. ఓడారు కాబట్టి కుట్ర అయింది.

దీన్ని ఆంధ్ర కురుక్షేత్రం అంటారు కదా. సరే, భారతంతోనే పోల్చి చూద్దాం. అక్కడ జూదం, ఇక్కడ కోడిపందెం. అక్కడ వనవాసం, ఇక్కడ వనవాసం. అక్కడ కృష్ణ రాయబారం, ఇక్కడ అలరాజు రాయబారం. అన్నీ సరిపోయాయి. భారతంలో తప్పు ఎవరిదని చిన్నపిల్లాడిని అడిగినా దుర్యోధనుడిది అంటాడు. శకుని పాచికలు వేశాడు, నిజమే. కానీ సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నది దుర్యోధనుడు, కాబట్టి అతనే దోషి. మరి పల్నాడులో ఆ చోట కూర్చున్నది నలగాముడు కదా? నలగాముడి పేరు తిట్టుగా వాడగా ఎవరన్నా విన్నారా? 'వీడు ఒట్టి నలగాముడురా' అని ఒక్కరన్నా అన్నారా? అనరు. అతను పాపం అమాయకుడు, ఆడదాని మాట విని చెడిపోయాడు. రాజ్యం ఏలేటంత పెద్దవాడు, తప్పు మోసేటంత పెద్దవాడు కాదట.

భారతం దగ్గర కూడా మనవాళ్లు ఊరుకోలేదు లెండి. ద్రౌపది నవ్వకపోయుంటే యుద్ధమే లేదు అంటారు. రామాయణంలో కైక అడగకపోయుంటే అంటారు. దశరథుడు వరాలు ఎందుకిచ్చాడని అడగరు. ధర్మరాజు పెళ్లాన్ని పందెంలో ఎందుకు ఒడ్డాడని అడగరు. రాజకుటుంబాలు కొట్టుకు చచ్చిన ప్రతిచోటా ఒక ఆడమనిషిని వెతికి, కథ మొదట్లో నిలబెట్టి, నిప్పు పెట్టింది ఇదే అని చూపిస్తారు. కట్టెలు పేర్చిందెవరో మాత్రం చెప్పరు.

మధ్యలో అడవి ఉంది. ఇక్కడ నాకు ఇంకో కోపం ఉంది. ఇది నాగమ్మ మీద వేసిన నిందకు తోక లాంటిది.

మలిదేవుడి వాళ్లు గురజాల సీమ వదిలి కొంతకాలం మండాదిలో ఉన్నారు. అక్కడ వాళ్ల ఆలమందల మీద దాడి జరిగింది. మందల్ని కాసే లంకన్న పోరాడి చనిపోయాడు. కారంపూడిలో వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజు లంకన్న ఒరుగు జరిపేది అందుకే. ఆ దాడి చేయించింది నాగమ్మ అనీ, చేసింది అడవి మనుషులనీ కథ చెప్పేవాళ్లు చెబుతారు. లంకన్నకు పేరుంది, గుర్తుంది, ఏటేటా జరిగే తంతు ఉంది. ఉండాలి, ఆయన కాపరి, కష్టజీవి. మరి ఆ అడవి మనుషులు ఎవరు? వాళ్ల పేర్లేంది? ఎందుకు వచ్చారు? వాళ్ల వైపు చచ్చింది ఎవరు? ఒక్క ముక్క లేదు. ఉసిగొల్పితే ఉరికే వేటకుక్కల్లాగా వచ్చి పోతారు, అంతే.

వేలకు వేలు పశువులు అడవి అంచుకు వచ్చి పడితే అక్కడ బతికేవాళ్లకు గడ్డీ నీళ్లూ ఏమవుతాయో మందలున్న ఎవరినైనా అడగండి, చెబుతారు. వేరొకరి పోరు కోసం కాదు, వాళ్ల తావు కోసం వాళ్లు అడ్డం నిలబడి ఉండొచ్చు. కథకు ఆ ఆలోచనే రాదు. ఆడదానికి సొంత బుద్ధి ఉండదు, కుట్ర ఉంటుంది. అడవి మనిషికి సొంత కారణం ఉండదు, ఎవరో పంపాలి. ఈ రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన మాటలు.

అక్కడి నుంచి వాళ్లు శ్రీశైలం మీదుగా త్రిపురాంతకం వైపు పోయి మేడపిలో మిగతా గడువు గడిపారు. దాన్ని అరణ్యవాసం అంటారు. శిక్ష. నల్లమల అంచున వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మా చెంచు గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. మా వాళ్లు అడవిలో ఉండటాన్ని ఏ పందెం ఓడిన శిక్షగానూ చెప్పుకోరు. అహోబిలం నరసింహస్వామికి మా చెంచులక్ష్మిని ఇచ్చామని, శ్రీశైలం మల్లన్న మా అల్లుడని చెప్పుకుంటాం. దేవుళ్లకు పిల్లనిచ్చినప్పుడు పేరుంది, రాజుల కథలోకి వచ్చేసరికి పేరు పోయింది. చిత్రంగా ఉంటుంది.

ఏడేళ్లు గడిచాయి. మా రాజ్యం మాకివ్వండని అడగడానికి అలరాజు రాయబారం వచ్చాడు. అలరాజు నలగాముడికి సొంత అల్లుడు, కూతురు పేరిందేవి మొగుడు. రాయబారం తిప్పికొట్టారు. తిరిగి వెళ్తుంటే చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారు. నరసింగరాజు, నాగమ్మ కలిసి చేయించారంటారు.

ఇది తప్పు. రాయబారిని చంపడం ఏ ధర్మంలోనూ లేదు, నేను వెనకేసుకు రాను. నాగమ్మను దేవతను చేయడానికి నేను ఈ వ్యాసం రాయట్లేదు. ఆమె రాజ్యం నడిపింది, రాజ్యం నడిపే మగవాళ్లు చేసే పనులే చేసింది, కొన్ని చెడ్డవి చేసి ఉంటుంది. నేను అడిగేది తూకం గురించి. ఏడేళ్ల గడువు తీరినా రాజ్యం ఇవ్వనన్నది సింహాసనం మీద ఉన్న నలగాముడు. చచ్చింది అతని సొంత అల్లుడు. కుట్రలో మగవాడు నరసింగరాజు ఉన్నాడు, రాజుకు తమ్ముడు. ఇంతమంది మగవాళ్లు పెట్టిన బరువుల్ని తక్కెడలోంచి తీసేసి ఒక్కర్తిని కూర్చోబెట్టి, చూడండి ముల్లు ఎటు మొగ్గిందో అంటే ఎట్లా?

పేరిందేవి సంగతి కూడా చూడండి. తండ్రి ఇటు, మొగుడు అటు. మొగుడు చచ్చాక ఆమె సహగమనం చేసింది. కథ ఆమెకు దండం పెడుతుంది. ఇంకొకామె మాంచాల, బ్రహ్మనాయుడి కోడలు, బాలచంద్రుడి భార్య. మొగుడు వేశ్య ఇంట్లో పడి ఉండి, యుద్ధం ముంగిట ఇంటికి వస్తే, ఆమె కాపురం కోరలేదు, కత్తి చేతికిచ్చి పంపింది. తెలుగునాట వీరపత్ని అంటే మాంచాల. మా హైస్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడితే ఏటా ఒక మాంచాల, ఒక ఝాన్సీ లక్ష్మీబాయి ఉండేవాళ్లు. నాగమ్మ వేషం వేస్తానన్న పిల్ల ఒక్కర్తీ లేదు.

మొగుడితో పాటు కాలిపోయిన ఆమెకు పూజ. మొగుణ్ణి చావుకు పంపిన ఆమెకు పూజ. మొగుడు పోయాక కూడా బతికి, చదివి, మంత్రాంగం చేసిన ఆమెకు తిట్టు. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథ మనింట్లో ఆడపిల్లలకు ఏం నేర్పుతోందో తెలిసిపోతుంది.

కారంపూడి యుద్ధం సంగతి పొడిగించను. బాలచంద్రుడు పోయాడు, మలిదేవుడి పక్షం వీరులు దాదాపు అందరూ పోయారు, గురజాల వైపూ అంతే. వీరుల గుడిలో ఆ రాళ్లు చూస్తే చాలు. ముగింపు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అందరూ కళ్లు మూసుకునేది అక్కడే. ఇంత నెత్తురు పారాక బ్రహ్మనాయుడు ఏం చేశాడు? నలగామరాజునే గద్దె మీద కూర్చోబెట్టాడు. తను గుత్తికొండ బిలంలోకి తపస్సుకు పోయాడు.

నలగాముణ్ణే! ఎవడి మీదైతే యుద్ధం చేశారో వాడినే. రెండు ముక్కలైన పల్నాడు మళ్లీ ఒకే రాజు కిందికి వచ్చింది. గురజాల కొలువు ఏం కావాలని పోరాడిందో అదే జరిగింది. ఆ మాట ఆమె నోటి వెంట వస్తే చిచ్చు, బ్రహ్మనాయుడి చేత్తో జరిగితే త్యాగం. నలగాముడికి క్షమ దొరికింది, కిరీటం దొరికింది. నాగమ్మ గతి ఏమైందంటే ఒక్కో చోట ఒక్కోలా చెబుతారు. ఏ చెప్పుడులోనూ ఆమెకు మర్యాద లేదు.

నిజంగా లాభపడిందెవరో కూడా చూడాలి. ఈ యుద్ధంలో కాకతీయ రుద్రదేవుడు నలగాముడి వైపు సాయం పంపాడని చరిత్రకారులు రాశారు. చుట్టుపక్కల రాజులు ఎవరికి తోచిన వైపు వాళ్లు చేరారు. పల్నాడు, వెలనాడు బలహీనపడ్డాక ఈ ప్రాంతం అంతా కాకతీయుల చేతికి పోయింది. పెద్ద రాజ్యాలు చిన్న రాజ్యాన్ని మింగే ఆట ఒకటి పైన నడుస్తోంది. కింద మనం ఇప్పటికీ ఎవరి కోడి ఎవరి కోడిని పొడిచిందని కొట్టుకుంటున్నాం.

ఇక్కడ కొందరు మిత్రులు నన్ను ఆపుతారని తెలుసు. ముఖ్యంగా దళిత ఉద్యమంలో ఉన్న అన్నలు. 'చాపకూడు మర్చిపోయావా? కన్నమదాసును సేనానిని చేసింది ఎవరు? బ్రహ్మనాయుడిని తక్కువ చేస్తే మా చరిత్రను తక్కువ చేసినట్టే' అంటారు. వాళ్లకు నా జవాబు ఇది. చాపకూడు గొప్ప పని. ఆ కాలంలో అన్ని కులాలను ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించడం ఆషామాషీ కాదు, ఇప్పటికీ మన ఊళ్లలో జరగట్లేదు. మాల కుటుంబంలో పుట్టిన కన్నమదాసు కత్తి పట్టి ముందు నడిచాడు. ఆ కథను వందల ఏళ్లు గొంతులో దాచి పాడుతూ వచ్చింది మాల గాయకులు, వీరవిద్యావంతులు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు వాళ్ల పాట విని, రాసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. వాళ్లు పాడకపోతే ఇవాళ మనం వాదించుకోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు. వాళ్లకు నా దండం.

కానీ చాపకూడు గొప్పది కావడానికి నాగమ్మ చెడ్డది కావాల్సిన పనేముంది? చాప మీద అందరికీ చోటుంది అన్నప్పుడు కొలువులో ఆడదానికి చోటుంటే తప్పేంది? బ్రహ్మనాయుడిని దేవుడి అంశ అని పాడతారు. దేవుడు ఒక వైపు ఉంటే రెండో వైపు ఉన్నవాళ్లు ఎట్లాగూ రాక్షసులే అవుతారు. అది పాట ధర్మం. శ్రీనాథుడు రాశాడని చెప్పే పల్నాటి వీరచరిత్ర ద్విపద కూడా యుద్ధం జరిగిన రెండొందల ఏళ్లు దాటాక వచ్చిందే. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేసే దాకా చాలామంది చదివింది కూడా లేదు. నాగమ్మ వైపు నుంచి చెప్పిన పుస్తకం ఒక్కటీ మనకు అందలేదు. వీరవైష్ణవం ఒక వైపు, శైవురాలైన నాగమ్మ ఒక వైపు. ఆ మతాల పోరులో ఎవరి మాట మిగిలిందో వాళ్ల తీర్పే మనకు దక్కింది. కోర్టులో ఒక పక్షం వకీలు మాటే విని తీర్పు రాస్తే మనం ఒప్పుకుంటామా?

తరవాత సినిమా వచ్చింది. 1947లో పల్నాటి యుద్ధం సినిమాలో నాగమ్మగా కన్నాంబ, 1966లో మళ్లీ తీసినప్పుడు భానుమతి. ఇద్దరూ మామూలు మనుషులు కాదు. వాళ్లు నిలబడితే అవతలివాళ్లు చిన్నబోయేటంత నటులు. ఆ పాత్రకు అంత బలమైన మనిషి కావాలని తీసేవాళ్లకు తెలుసన్నమాట. తెర మీద ఆ ఠీవి చూసి చప్పట్లు కొట్టిన జనమే, బయటికొచ్చి పక్కింటామెను 'నాగమ్మ' అని తిట్టారు.

ఈ పాత కథతో ఇప్పుడేం పని అనేవాళ్లకు ఒక సంగతి చెబుతా. రెండేళ్ల కిందట ఒక గ్రామసభలో మా గూడెం రేషన్ కార్డుల గురించి, నీళ్ల గురించి మాట్లాడటానికి నేను లేచాను. చేతిలో కాగితాలున్నాయి, డిగ్రీ చదివాను, ఏం అడగాలో తెలుసు. రెండో ప్రశ్న పూర్తి కాకముందే వెనక వరసలోంచి ఒక పెద్దాయన 'ఈ నాగమ్మను ఎవరయ్యా పిలిచింది' అన్నాడు. అంతా నవ్వారు. ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వులో నా ప్రశ్న పోయింది. సభ అయిపోయింది. నాతో వచ్చిన ఇద్దరు పిల్లలు, ఇంటర్ చదువుతున్నవాళ్లు, ఆ తర్వాత ఏ సభకూ రాలేదు. ఎందుకని అడిగితే, 'మమ్మల్ని కూడా అట్లా అంటారక్కా' అన్నారు. నీళ్ల ట్యాంకు ఇంకా రాలేదు.

చూశారా, ఒక్క పేరుతో పని ఎంత తేలిగ్గా అయిపోయిందో! మన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదు, మన కాగితం చదవాల్సిన పని లేదు. నాగమ్మ అంటే చాలు. ఎనిమిది వందల ఏళ్ల నాటి కథ మీకు పాతదేమో, మాకు పోయిన గ్రామసభ నాటిది.

ఇంకో మాట. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అయింది. 2024 ఎన్నికలప్పుడు మాచర్ల, నరసరావుపేట, కారంపూడి పేర్లు దేశమంతా టీవీల్లో మోగాయి. రాళ్లు, కర్రలు, తగలబడ్డ బండ్లు, 144 సెక్షన్. ఆ గొడవల్లో ఏ నాగమ్మ ఉంది? ఏ వైపు చూసినా మగవాళ్లే, నేల కోసం, కాంట్రాక్టు కోసం, పెత్తనం కోసం. దాన్ని మాత్రం 'పల్నాటి పౌరుషం' అన్నారు. కోర్టుల చుట్టూ తిరిగిందీ, ఆసుపత్రిలో మొగుడికి కాపలా ఉన్నదీ, ఊరొదిలి పిల్లల్ని వేసుకుని చుట్టాలింటికి పోయిందీ ఆడవాళ్లు. ఇది కొత్త సంగతి కాదు. కారంపూడి తర్వాత ఎన్ని వేల మంది ఆడవాళ్లు ముండమోశారో ఏ ద్విపదలోనూ లెక్క లేదు.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, ఐదు రోజులు. ఎక్కడెక్కడి నుంచో ఆచారవంతులు కొణతాలు పట్టుకుని వస్తారు. ఆ ఆచారాన్ని ఆపమని నేను అనట్లేదు, అది వాళ్ల పూర్వీకుల గుర్తు. వచ్చే ఉత్సవానికి పోయేవాళ్లు ఒక పని చేయండి. కోడిపోరు రోజు చిట్టిమల్లునూ శివంగి డేగనూ చూడండి, చూసి పక్కనున్న పిల్లలకు 'పందెం కాసింది ఇద్దరు' అని చెప్పండి. మందపోరు రోజు లంకన్నకు దండం పెట్టుకుని, అవతలి వైపు నిలబడ్డ అడవివాళ్ల పేర్లేంటని కథ చెప్పే పెద్దల్ని అడగండి. వాళ్లకు తెలిసి ఉంటే మేమూ నేర్చుకుంటాం. తెలియకపోతే, తెలియదని మైకులో చెప్పమనండి.

మా గూడెం నుంచి ఈసారి పదిమందిమి వస్తున్నాం, అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఆ ఇంటర్ పిల్లలిద్దరినీ కూడా ఒప్పించాను. మందపోరు రోజు పొద్దున్నే నాగులేరు ఒడ్డున ఉంటాం. రాగలిగినవాళ్లు రండి.